ఈఎమ్‌ఎస్ కంపెనీ షేరు కొనేముందు ఎలా పరీక్షించాలి?

"అమ్మకాలు ఏటా ముప్పై నలభై శాతం పెరుగుతున్నాయి, చేతినిండా ఆర్డర్లున్నాయి, ఈ షేరు కొనొచ్చా?" ఎలక్ట్రానిక్స్ కాంట్రాక్టు తయారీ కంపెనీల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. అమ్మకాల పెరుగుదల, ఆర్డర్ల మొత్తం, ఈ రెండే ఈ వ్యాపారంలో మనిషిని ఎక్కువగా మోసం చేసే అంకెలు. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కచోట రాస్తే మేలనిపించింది.

ఈఎమ్‌ఎస్ (ఎలక్ట్రానిక్స్ మాన్యుఫాక్చరింగ్ సర్వీసెస్) అంటే వేరేవాళ్ల బ్రాండు కోసం ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసి ఇచ్చే కంపెనీ. పెట్టె మీద పేరు ఒకరిది. లోపలి బోర్డు మీద చిప్పులు అతికించి, పరీక్షించి, పెట్టెలో పెట్టి పంపేది ఇంకొకరు. 1974లో టెర్రీ గౌ తైవాన్‌లో మొదలుపెట్టిన ఫాక్స్‌కాన్, అమెరికాలోని జాబిల్, శాన్‌మినా, ప్లెక్సస్, కెనడాలోని సెలెస్టికా, అన్నీ ఈ కోవకే వస్తాయి. ఈ పద్ధతి ఏ దేశపు కంపెనీకైనా పనికొస్తుంది.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి

- గత ఐదేళ్ల వార్షిక నివేదికలు. ముందు పేజీల్లోని రంగుల బొమ్మలు కాదు, చివర ఉండే నోట్సు మనకు ముఖ్యం.
- గత ఎనిమిది త్రైమాసికాల ఫలితాలు, వాటి మీద జరిగిన కాన్ఫరెన్స్ కాల్స్ రాతప్రతులు.
- కంపెనీ అప్పులకు రేటింగ్ ఉంటే ఆ రేటింగ్ సంస్థ ఇచ్చిన నివేదిక.
- కంపెనీకి ఉన్న ఒకరిద్దరు పెద్ద కస్టమర్ల తాజా ఫలితాలు.
- ఒక స్ప్రెడ్‌షీట్. అది రాకపోతే గళ్ల కాగితమూ కాలిక్యులేటరూ చాలు.

ఒక కంపెనీకి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. అంత తీరిక లేకపోతే ఈ రంగంలో విడి షేర్ల జోలికి వెళ్లకుండా ఫండ్ ద్వారా పెట్టడమే మంచిది. ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

1. కంపెనీ ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో రాయండి

"ఎలక్ట్రానిక్స్ తయారుచేస్తుంది" అని రాస్తే లాభం లేదు. "ఫలానా రకం వస్తువులకు బోర్డులు చేస్తుంది, డిజైన్ కస్టమర్‌ది, అమ్మకాల్లో సగం ఫోన్ల నుంచి వస్తుంది" అన్నంత స్పష్టంగా ఉండాలి. రాశాక ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కంపెనీ నచ్చకపోతే కస్టమర్ తన పనిని ఎన్ని నెలల్లో ఇంకొకరికి మార్చగలడు?

ఛార్జర్ల తయారీ అయితే కొద్ది నెలల్లో మార్చేస్తాడు. వైద్య పరికరం బోర్డు అయితే కొత్త ఫ్యాక్టరీలో ప్రక్రియనంతా మళ్లీ నిరూపించాలి, కొన్నిసార్లు నియంత్రణ సంస్థ అనుమతి కూడా మళ్లీ తీసుకోవాలి. విమానాలు, కార్ల విడిభాగాలదీ అదే దారి. అందుకే ఆ పనుల్లో మార్జిన్, అంటే అమ్మకంలో లాభం శాతం, కాస్త నిలబడుతుంది.

జాగ్రత్త: ఐఎస్‌ఓ 13485, ఏఎస్ 9100, ఐఏటీఎఫ్ 16949 లాంటి సర్టిఫికెట్లు చూసి మురిసిపోకండి. వైద్య, విమాన, కార్ల రంగాల్లో అడుగు పెట్టడానికి అవి గేటు పాసులు మాత్రమే. సర్టిఫికెట్ వచ్చిందంటే ఆర్డరు వచ్చినట్టు కాదు. ఆ రంగం నుంచి నిజంగా అమ్మకాలు వస్తున్నాయా అన్నది సెగ్మెంట్ల నోటులో, అంటే వ్యాపార విభాగాల వారీగా లెక్కలిచ్చే నోటులో, వెతకండి. "డిజైన్ కూడా మాదే" అంటే పరిశోధన ఖర్చు ఎంతో చూడండి. డిజైన్ చేసే ఇంజినీర్ల జీతాలు లెక్కల్లో ఎక్కడో ఒకచోట కనపడాలి కదా.

2. ముడిసరుకు ఎవరి డబ్బుతో వస్తోందో తేల్చుకోండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. నా దృష్టిలో ఇది తేలకుండా మార్జిన్ గురించి మాట్లాడటమే దండగ.

ఒక ఏడాదికి లెక్క చూద్దాం. కంపెనీ తన డబ్బుతో 800 పెట్టి విడిభాగాలు కొంది. కూలి, కరెంటు, యంత్రాల అరుగుదల, ఆఫీసు ఖర్చు కలిపి 160. మిగిలిన లాభం 40. అమ్మకం 1000 కాబట్టి మార్జిన్ 4 శాతం. అదే పనికి కస్టమరే విడిభాగాలు పంపాడనుకోండి. అప్పుడు కంపెనీ బిల్లు 200 మాత్రమే, లాభం అదే 40, మార్జిన్ 20 శాతం! అదే ఫ్యాక్టరీ, అదే మనుషులు, అదే లాభం. మొదటి పద్ధతిని టర్న్‌కీ అంటారు, రెండోదాన్ని కన్‌సైన్‌మెంట్ అంటారు.

ఇప్పుడు తిరగేసి చూడండి. కన్‌సైన్‌మెంట్‌లో చేస్తున్న కంపెనీ టర్న్‌కీకి మారితే అమ్మకాలు ఒక్క ఏడాదిలో ఐదింతలు కనిపిస్తాయి, మార్జిన్ మాత్రం 20 నుంచి 4కి జారుతుంది. ఒకరు "అమోఘమైన వృద్ధి" అంటారు, ఇంకొకరు "మార్జిన్ కుప్పకూలింది" అంటారు. ఇద్దరిదీ పొరపాటే, ఎందుకంటే వ్యాపారంలో ఏమీ మారలేదు. మారిందల్లా ఇంతకాలం కస్టమర్ మోసిన నిల్వల భారం ఇప్పుడు కంపెనీ మీద పడటం.

కాబట్టి ఇలా లెక్క కట్టండి. అమ్మకాల్లోంచి ముడిసరుకు ఖర్చు తీసేయండి, మిగిలేది కంపెనీ సొంతంగా జోడించిన విలువ. నిర్వహణ లాభాన్ని, అంటే వడ్డీ, పన్ను తీయకముందు వ్యాపారంలో మిగిలినదాన్ని, ఈ విలువతో భాగించండి. పై రెండు సందర్భాల్లోనూ 40ని 200తో భాగిస్తే 20 శాతమే వస్తుంది. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఈ నిష్పత్తి వాడితే బిల్లింగ్ పద్ధతి మనల్ని తప్పుదారి పట్టించదు. ఐదేళ్లకూ వేసి చూడండి. జోడించిన విలువ పెరుగుతోందా, లేక ముడిసరుకు బిల్లు ఒక్కటే ఉబ్బుతోందా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. టర్న్‌కీలో కూడా ఏ చిప్పు ఎవరి దగ్గర కొనాలో చాలాసార్లు కస్టమరే నిర్ణయిస్తాడు, ధర కూడా తనే మాట్లాడతాడు. కాబట్టి "భారీగా కొంటాం కనుక చవగ్గా వస్తుంది" అని యాజమాన్యం అంటే, ఆ చవక ఎవరి జేబులోకి వెళ్తోందో అడగాల్సిందే.

3. కస్టమర్ల జాబితా

అమ్మకాల్లో 10 శాతం దాటిన కస్టమర్ ఉంటే ఆ విషయం వార్షిక నివేదికలో చెప్పాలని అమెరికా ప్రమాణాలూ అంటాయి, అంతర్జాతీయ ప్రమాణాలూ అంటాయి. చాలాసార్లు పేరు ఉండదు, "ఒక కస్టమర్ నుంచి ఇంత" అని ఒక్క లైను మాత్రం సెగ్మెంట్ నోటు చివర దొరుకుతుంది. ఐదేళ్ల నోట్లలోంచి ఆ లైను ఏరి పక్కపక్కన రాయండి.

ఈ లైను విలువ ఏమిటో సెలెస్టికా చరిత్ర చెబుతుంది. ఐబీఎం నుంచి విడిపోయి 1998లో పబ్లిక్ ఇష్యూకు వచ్చిన ఆ కంపెనీకి 2011లో అతిపెద్ద కస్టమర్ బ్లాక్‌బెర్రీ ఫోన్ల తయారీ సంస్థ రిసెర్చ్ ఇన్ మోషన్. ఆ ఫోన్ల అమ్మకాలు పడిపోయాయి, 2012లో ఆ పని మొత్తం సెలెస్టికా చేతినుంచి జారిపోయింది. ఫ్యాక్టరీలో తప్పేమీ జరగలేదు. కస్టమర్ వస్తువు సంతలో అమ్ముడుపోలేదు, అంతే. అందుకే కస్టమర్ ఫలితాలు కూడా చదవమంటున్నాను. అతని గిడ్డంగిలో సరుకు పేరుకుపోతుంటే ఒకటి రెండు త్రైమాసికాల్లో ఆ సెగ మన కంపెనీకి తగులుతుంది.

పేర్లు దొరక్కపోతే? రేటింగ్ నివేదికలు చదవండి, తరచూ అక్కడ పేర్లతో సహా ఉంటుంది. అక్కడా లేకపోతే రావాల్సిన బాకీల నోటు చూడండి. ఒక్కరి దగ్గరే ఎంత ఇరుక్కుందో కొన్ని కంపెనీలు అందులో చెబుతాయి.

4. డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటోంది?

మీకు ఒక్క సాయంత్రమే ఉంటే అది ఈ మెట్టుకే కేటాయించండి.

మన కంపెనీనే తీసుకుందాం. అమ్మకం 1000, సరుకు తయారీ ఖర్చు 940, మిగతా ఆఫీసు ఖర్చులు 20, నిర్వహణ లాభం 40. బ్యాలెన్స్ షీట్‌లో నిల్వలు 220, రావాల్సిన బాకీలు 150, ఇవ్వాల్సిన బాకీలు 200, కస్టమర్లు ముందుగా ఇచ్చిన అడ్వాన్సులు 40.

- నిల్వల రోజులు: 220ని 940తో భాగించి 365తో గుణిస్తే 85.
- వసూలు రోజులు: 150ని 1000తో భాగించి 365తో గుణిస్తే 55.
- చెల్లింపు రోజులు: 200ని 940తో భాగించి 365తో గుణిస్తే 78.
- అడ్వాన్సుల రోజులు: 40ని 940తో భాగించి 365తో గుణిస్తే 16 కంటే కాస్త తక్కువ.

మొదటి రెండూ కలిపి, తర్వాతి రెండూ తీసేస్తే దాదాపు 47 రోజులు. అంటే కంపెనీ పెట్టిన ప్రతి రూపాయి నెలన్నర తర్వాత తిరిగొస్తోంది. నిల్వలూ రావాల్సిన బాకీలూ కలిపి, ఇవ్వాల్సిన బాకీలూ అడ్వాన్సులూ తీసేస్తే వ్యాపారంలో ఇరుక్కున్న సొమ్ము 130.

వచ్చే ఏడాది అమ్మకాలు 30 శాతం పెరిగాయనుకోండి. రోజులు మారకపోతే ఇంకో 39 కావాలి. ఈ ఏడాది లాభం 40లోంచి వడ్డీ 5 తీసి, దాని మీద నాలుగో వంతు పన్ను కడితే చేతిలో మిగిలేది 26. యంత్రాలకు ఒక్క పైసా ఖర్చు పెట్టకముందే 13 తక్కువైంది! ఆ లోటు అప్పుతోనైనా పూడాలి, కొత్త షేర్లు అమ్మైనా పూడాలి. అమ్మకాలు పరుగులు పెడుతున్న కంపెనీలు తరచూ నిధుల సేకరణకు ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమైందా? ఈ వ్యాపారంలో వృద్ధే డబ్బు తినేస్తుంది.

నేను ఈ లెక్క నేర్చుకున్నది నష్టపోయాకే. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీ షేర్లు ఆర్డర్ల వార్త చూసి కొన్నాను. నిల్వల రోజులు మూడు త్రైమాసికాలు వరసగా పెరిగాయి. "రాబోయే వృద్ధికి సన్నద్ధత" అని యాజమాన్యం చెప్పింది, నేను నమ్మాను. ఆ తర్వాత కస్టమర్ కొత్త మోడల్‌ను వాయిదా వేశాడు, కొన్న విడిభాగాలు గోదాములో ఉండిపోయాయి, కంపెనీ తక్కువ ధరకు కొత్త షేర్లు జారీ చేసింది. బ్యాలెన్స్ షీట్‌లో అంతా ముందే ఉంది. చూడాల్సింది నేను.

ఇక్కడ అంకెలు మనల్ని రెండు రకాలుగా తప్పుదారి పట్టించొచ్చు. మొదటిది, రావాల్సిన బాకీలను బ్యాంకుకు అమ్మేయడం. ఇది చట్టబద్ధమే, పెద్ద పెద్ద కంపెనీలూ చేస్తాయి. కానీ వసూలు రోజులు ఉన్నవాటికంటే తక్కువగా కనిపిస్తాయి. నోట్సులో "ఫ్యాక్టరింగ్", "బిల్ డిస్కౌంటింగ్", "బాకీల విక్రయం" అన్న మాటలు వెతికి, అమ్మేసిన మొత్తాన్ని మళ్లీ బాకీల్లో కలిపి లెక్కకట్టండి. రెండోది, ఏడాది ఆఖరి రోజు కోసం అప్పు తగ్గించి చూపడం. దీన్ని పట్టుకోవడం తేలిక. ఏడాది వడ్డీ ఖర్చును చివరి రోజు అప్పుతో భాగించండి. అప్పు 50, వడ్డీ 12 అయితే 24 శాతం వడ్డీ అన్నమాట. బ్యాంకులు పేరున్న కంపెనీకి అంత వడ్డీ వేయవు. అంటే ఏడాది పొడవునా అప్పు అంతకంటే చాలా ఎక్కువే ఉంది.

5. పెట్టుబడి మీద రాబడి

మార్జిన్ 4 శాతమే అని ముఖం చిట్లించకండి. నిర్వహణ లాభాన్ని వ్యాపారంలో పెట్టిన మొత్తంతో, అంటే ఇరుక్కున్న సొమ్ము, యంత్రాలు, భవనాలు కలిపి, భాగించండి. 1000 అమ్మకం మీద 40 సంపాదించే కంపెనీకి 160 పెట్టుబడి చాలితే రాబడి 25 శాతం. 100 సంపాదించే ఇంకో కంపెనీకి 600 కావాల్సివస్తే రాబడి 17 శాతం లోపే. ఎక్కువ మార్జిన్ ఉన్నది మంచి కంపెనీ అని ముందే తీర్మానించుకుంటే ఇక్కడ దెబ్బతింటాం. ఫాక్స్‌కాన్ స్థూల మార్జిన్, అంటే తయారీ ఖర్చు ఒక్కటే తీసేస్తే మిగిలే శాతం, 6 దరిదాపుల్లోనే తిరుగుతుంది, అయినా దశాబ్దాలుగా నిలబడింది.

అమ్మకాలు తగ్గడం ప్రతిసారీ చెడ్డ వార్త కూడా కాదు. జాబిల్ తన మొబైల్ విడిభాగాల వ్యాపారాన్ని 2023లో బీవైడీ ఎలక్ట్రానిక్‌కు సుమారు 220 కోట్ల డాలర్లకు అమ్మింది. ఆ ఏడాది 3,470 కోట్ల డాలర్లున్న అమ్మకాలు మరుసటి ఏడాదికి 2,890 కోట్ల దగ్గరికి దిగాయి. అమ్మకాల గ్రాఫ్ మాత్రమే చూసినవాళ్లు కంపెనీ కుంగిపోయిందనుకుంటారు.

6. ఆర్డర్ బుక్‌ను నమ్మేముందు

ఆర్డరు వేరు, అంచనా వేరు. చాలామంది కస్టమర్లు ఇచ్చేది రాబోయే నెలల అంచనా, అందులో గట్టిగా కట్టుబడేది కొన్ని వారాలకే. కాన్ఫరెన్స్ కాల్స్‌లో మూడు జవాబులు వెతకండి. రద్దు చేస్తే ఎవరు భరిస్తారు? వెనక్కి ఇవ్వలేని విడిభాగాలకు కస్టమర్ డబ్బు కట్టాలని ఒప్పందంలో ఉందా? ఆర్డరు ఎన్ని నెలల్లో అమ్మకంగా మారాలి?

2000 సంవత్సరంలో నెట్‌వర్క్ పరికరాల కంపెనీలన్నీ విడిభాగాలు దొరకవేమోనన్న భయంతో అవసరానికి మించి అడిగాయి. సోలెక్ట్రాన్ అప్పటి పెద్ద ఈఎమ్‌ఎస్ కంపెనీల్లో ఒకటి. నాణ్యతకు ఇచ్చే మాల్కం బాల్డ్రిజ్ అవార్డును 1991లోనూ 1997లోనూ గెలిచింది. 2001లో గిరాకీ పడిపోగానే దాని గోదాముల్లో సరుకు గుట్టలు పడింది. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఒక్కటే ఆ ఏడాది సుమారు 225 కోట్ల డాలర్ల సరుకును లెక్కల్లోంచి కొట్టేసింది. సోలెక్ట్రాన్ మళ్లీ కోలుకోలేదు, 2007లో ఫ్లెక్స్‌ట్రానిక్స్ దాన్ని కొనేసింది. ఫ్యాక్టరీ నాణ్యత ఎంత గొప్పదైనా కస్టమర్ అంచనా తప్పితే కాపాడలేకపోయింది. 2021, 2022 చిప్పుల కొరతలో కూడా ఈ రంగమంతా నిల్వలు పెంచుకుంది. ఈసారి చాలా కంపెనీలు ముందుజాగ్రత్తగా కస్టమర్ల దగ్గర అడ్వాన్సులు తీసుకున్నాయి. అడ్వాన్సుల రోజులు విడిగా లెక్కకట్టమన్నది అందుకే.

ఆర్డర్ బుక్‌కు బదులు వాడగలిగినవి కొన్ని ఉన్నాయి. తైవాన్‌లో లిస్టయిన కంపెనీలు ప్రతి నెలా పదో తేదీలోపు నెలవారీ అమ్మకాలు ప్రకటిస్తాయి. ప్లెక్సస్ లాంటివి ఆ త్రైమాసికంలో గెలిచిన కొత్త ప్రాజెక్టుల వార్షిక విలువ చెబుతాయి. ఏదీ దొరక్కపోతే, రెండేళ్ల కిందట ప్రకటించిన ఆర్డర్ బుక్ ఎంతో, ఆ తర్వాత వచ్చిన అమ్మకం ఎంతో పక్కపక్కన పెట్టండి. ఆ కంపెనీ మాటకు ఎంత విలువివ్వాలో తెలుస్తుంది.

7. లాభంలో మీ వాటా ఎంత?

ప్రభుత్వ ప్రోత్సాహకాలు గడువున్న డబ్బు. వాటిని తీసేసి లాభం మళ్లీ లెక్కకట్టండి. బ్యాంకు డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీనీ తీసేయండి. కస్టమర్‌తో కలిసి పెట్టిన ఉమ్మడి కంపెనీల్లో 51 శాతమే వాటా ఉన్నా అమ్మకం నూరు శాతం మన లెక్కలో కలుస్తుంది. మిగతావారి లాభం వాటా తీసేశాక మిగిలిందే షేర్‌హోల్డర్లది. ఎప్పుడూ ఆ ఆఖరి అంకెనే వాడండి.

8. ధర సంగతి

అమ్మకాలతో ధరను పోల్చే కొలత ఈ రంగంలో వాడకండి. కారణం రెండో మెట్టులోనే ఉంది. పీఈ (షేరు ధర, షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) వాడితే ఏడో మెట్టులో సరిచేసిన లాభంతోనే వాడండి.

షేరు 80 పీఈ దగ్గరుందనుకోండి. ఐదేళ్ల తర్వాత వ్యాపారం నెమ్మదించి పీఈ 20కి వస్తే, మీ డబ్బు ఉన్నచోటే ఉండటానికే లాభం నాలుగింతలు కావాలి, అంటే ఏటా 32 శాతం. ఏటా 12 శాతం రాబడి కూడా కావాలంటే లాభం ఏడింతలు కావాలి, అంటే ఏటా 48 శాతం పెరగాలి. ఇప్పుడు నాలుగో మెట్టు గుర్తు తెచ్చుకోండి. అంత వేగంగా పెరగడానికి కావాల్సిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త షేర్లు జారీ చేస్తే మీ వాటా పలచబడుతుంది, కాబట్టి మొత్తం లాభం కాదు, షేరుకు లాభం అంత పెరగాలి.

తరచూ జరిగే పొరపాట్లు

ఫోన్లు చేసే కంపెనీనీ వైద్య పరికరాల బోర్డులు చేసే కంపెనీనీ ఒకే పీఈతో పోల్చడం అన్నిటికంటే ఎక్కువగా చూస్తాను. కొత్త ఫ్యాక్టరీ ప్రారంభోత్సవాన్ని అమ్మకంగా లెక్కేయడం ఇంకోటి. లైన్లు బిగించాక కస్టమర్ తనిఖీలు, నమూనాల ఆమోదం అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి, అరుగుదల ఖర్చు మాత్రం ఫ్యాక్టరీ నడవడం మొదలైన రోజు నుంచే పడుతుంది. ఒకే త్రైమాసికపు నగదు చూసి తీర్పు చెప్పడం కూడా తప్పే. ఈ రంగంలో నగదు ఎగుడుదిగుడుగానే వస్తుంది.

మీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఐదేళ్ల నికర లాభాలన్నీ కూడండి. ఐదేళ్ల నిర్వహణ నగదు ప్రవాహమూ, అంటే వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదూ, కూడండి. రెండోది మొదటిదానిలో సగం కూడా లేకపోతే, ఆ తేడా నిల్వల్లోనో బాకీల్లోనో కనిపించి తీరాలి. కనిపించకపోతే మీరు ఎక్కడో నోటు వదిలేశారు, వెనక్కి వెళ్లండి. ఆ తర్వాత ఐదేళ్లలో జారీచేసిన కొత్త షేర్ల సొమ్మూ పెరిగిన అప్పూ కలిపి చూడండి. అది ఐదేళ్ల లాభం కంటే ఎక్కువైతే వృద్ధికి డబ్బు పెట్టింది షేర్‌హోల్డర్లూ బ్యాంకులే గానీ వ్యాపారం కాదు.

కొనాలని నిర్ణయించుకుంటే ఆ రోజే ఒక కాగితం మీద ఐదు అంకెలు రాసి తేదీ వేయండి: జోడించిన విలువ మీద లాభ శాతం, పెద్ద కస్టమర్ వాటా, నగదు తిరిగొచ్చే రోజులు, పెట్టుబడి మీద రాబడి, షేర్ల సంఖ్య. వాటి కింద, ఏం జరిగితే అమ్మేస్తారో రెండు వాక్యాల్లో రాయండి. ప్రతి ఫలితాల రోజున షేరు ధర చూడకముందే కొత్త అంకెలు పక్కన నింపండి. నిల్వల రోజులు రెండు త్రైమాసికాలు వరసగా పెరిగి, అదే సమయంలో కస్టమర్ల అడ్వాన్సులు తగ్గితే, యాజమాన్యం వివరణ వినడానికి ముందు ఆ రెండు వాక్యాలూ ఒకసారి చదువుకోండి.